వర్డ్‌ప్రెస్ థీమ్ కొనేవాళ్లకు హెచ్చరిక: "జీవితకాలం అప్‌డేట్లు" అమ్మి, కొత్త వెర్షన్‌నే రాకుండా ఆపేశారు

వర్డ్‌ప్రెస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో సైటు నడుపుతూ, డబ్బు పెట్టి థీమ్ (సైటు రూపాన్ని చూసుకునే ఫైళ్లు) కొనబోతున్నవాళ్లు, ఇప్పటికే కొన్నవాళ్లు దయచేసి ఇది పూర్తిగా చదవండి. "జీవితకాలం ఉచిత అప్‌డేట్లు" అన్న మాట నమ్మి నేను ఒకే విడతలో డబ్బు మొత్తం కట్టేశాను. దాదాపు మూడేళ్ల తర్వాత అసలు సంగతి బయటపడింది. అమ్మినవాళ్లు తమ అప్‌డేట్లు ఎలాగూ ఇవ్వలేదు. వర్డ్‌ప్రెస్ ప్రపంచమంతటికీ ఉచితంగా పంపే అప్‌డేట్లు కూడా నా సైటుకు చేరకుండా, నాకు చెప్పకుండా, అడ్డుకట్ట వేశారు.

నాది మొక్కల పెంపకం గురించి రాసే సైటు. వ్యాసాలు 600 దాటాయి. 2020 మార్చి 31న వర్డ్‌ప్రెస్ 5.4 వచ్చింది. ఆ తర్వాతి నెలలోనే సైటు రూపు మార్చాలని ఒక థీమ్ తీసుకున్నాను. థీమ్, దాన్ని అమర్చి పెట్టడం, జీవితకాలం అప్‌డేట్లు, బ్యాకప్‌లు అన్నీ కలిపి ఒకే ప్యాకేజీ. అమ్మకందారు పేరు ఇక్కడ రాయడం లేదు. ఇలాంటి ప్యాకేజీలు రకరకాల పేర్లతో దొరుకుతున్నాయి కాబట్టి, ఒక పేరు కంటే వాళ్లు పనిచేసే తీరు తెలియడం మీకు ఎక్కువ ఉపయోగం.

ఆ ఏడాది ఆగస్టు 11న 5.5 వెర్షన్ విడుదలైంది. అందులో ఒక పెద్ద మార్పు ఉంది. పాత జావాస్క్రిప్ట్ కోడును ఎలాగోలా నడిపించే "జేక్వెరీ మైగ్రేట్" అనే తోడ్పాటును వర్డ్‌ప్రెస్ ఆపేసింది. కోడును ఏళ్ల తరబడి సరిచేయని థీమ్‌లు, ప్లగిన్‌లు (వర్డ్‌ప్రెస్‌కు అదనపు పనులు చేర్చే చిన్న ప్రోగ్రాములు) చాలావాటిలో మెనూలు తెరుచుకోలేదు, బటన్లు పనిచేయలేదు. వెంటనే అమ్మకందారు నుంచి మెయిల్ వచ్చింది: "ఇప్పుడే అప్‌డేట్ చేయకండి, 5.5కు సరిపోయే మా కొత్త వెర్షన్ త్వరలో వస్తుంది, అంతా మేమే చూసుకుంటాం." ఆ సలహాలో నాకు తప్పేమీ కనిపించలేదు. పెద్ద వెర్షన్ వచ్చినప్పుడు రెండు మూడు వారాలు ఆగమని అనుభవం ఉన్నవాళ్లు కూడా చెబుతారు. కొన్ని రోజులకు డ్యాష్‌బోర్డులో, అంటే సైటు నిర్వహణ పేజీలో, పైన కనిపించే "కొత్త వెర్షన్ అందుబాటులో ఉంది" అన్న పట్టీ మాయమైంది. చెప్పినట్టే పని పూర్తి చేశారనుకున్నాను. ధన్యవాదాలు చెబుతూ మెయిల్ కూడా పంపాను.

వాళ్లు చేసింది వేరే. థీమ్‌తో పాటు వచ్చిన "సహాయక ప్లగిన్" ఒకటి ఉంది. దాన్ని మార్చి, కొత్త వెర్షన్ గురించిన కబురు డ్యాష్‌బోర్డులో కనిపించకుండా చేశారు. సైటు అమరికలు ఉండే డబ్ల్యూపీ కాన్ఫిగ్ ఫైలులో, ఆటోమేటిక్ అప్‌డేట్లను మొత్తంగా ఆపేసే వాక్యం ఒకటి చేర్చారు. థీమ్ చెడిపోతే నేను ఫోన్ చేస్తాను. అప్‌డేట్ రాకపోతే థీమ్ చెడిపోదు, నేను ఫోన్ చేయను. వాళ్లకు కావలసింది అంతే.

దీనివల్ల వచ్చిన నష్టం అర్థం కావాలంటే వెర్షన్ అంకెల సంగతి కొంచెం చెప్పాలి. వర్డ్‌ప్రెస్‌లో 5.4, 5.5, 5.6 ఇవన్నీ పెద్ద విడుదలలే. 5.8.3 లాగా మూడో అంకె ఉన్నవి చిన్న విడుదలలు. లోపాల సవరణలు, ముఖ్యంగా భద్రతా సవరణలు, వీటిలో వస్తాయి. 2013లో వచ్చిన 3.7 నుంచి ఈ చిన్న విడుదలలు మనం ఏమీ నొక్కకుండానే వాటంతటవే సైటులో చేరిపోతున్నాయి. పూర్తి మద్దతు తాజా వెర్షన్‌కే అయినా, వర్డ్‌ప్రెస్ బృందం పాత వెర్షన్లలో ఉన్నవాళ్లను కూడా అంత తొందరగా గాలికి వదిలేయదు. 2022 జనవరి 6న వచ్చిన 5.8.3నే చూడండి. సైటులోని రాతలన్నీ ఉండే డేటాబేస్‌లోకి చొరబడేందుకు వీలిచ్చే లోపాలను సరిచేసిన విడుదల అది. అవే సవరణలను 3.7 నుంచి ఉన్న పాత వెర్షన్లన్నిటికీ పంపారు. అంటే నేను 5.4లోనే ఉండిపోయినా, ఆటోమేటిక్ అప్‌డేట్లను ఎవరూ ఆపకుండా ఉంటే, ఆ సవరణ నాకూ చేరేది. నాకు చేరలేదు. ఒక్క థీమ్ బండారం బయటపడకుండా ఉండడానికి నా సైటు తలుపు ఏళ్ల తరబడి తీసి ఉంచారు. తర్వాత ఫైళ్లన్నీ వెతికించాను, ఎవరూ లోపలికి వచ్చిన జాడ దొరకలేదు. ఆ వెతుకులాట జరిగిన నాలుగు రోజులు నాకు సరిగా నిద్ర పట్టలేదు.

ఇదంతా బయటపడింది 2023 మార్చిలో. వర్డ్‌ప్రెస్ నడిచేది పీహెచ్‌పీ అనే భాష మీద. ఆ భాష 7.4 వెర్షన్‌కు భద్రతా సవరణలు 2022 నవంబరు 28తో ఆగిపోయాయి. దాంతో, నా సైటును తమ సర్వర్లలో ఉంచే హోస్టింగ్ సంస్థ ముందుగా నోటీసు ఇచ్చి మరీ సర్వర్లను పీహెచ్‌పీ 8కు మార్చింది. ఆ ఉదయం నా సైటు తెరిస్తే ఒకే ఒక వాక్యం: సైటులో తీవ్రమైన లోపం తలెత్తిందని. థీమ్ కోడులో "క్రియేట్ ఫంక్షన్" అనే పాత పద్ధతి వాడారట. 2017 చివర్లో వచ్చిన పీహెచ్‌పీ 7.2లోనే, ఇది మానేయండి అని హెచ్చరిక పెట్టారు. 2020 నవంబరులో వచ్చిన 8.0లో పూర్తిగా తీసేశారు. 2017లోనే మానేయమన్న పద్ధతితో నడిచే కోడును, 2020లో జీవితకాలం హామీతో నాకు అమ్మారు.

ఇలా సైటు పడిపోయినప్పుడు యజమానికి మెయిల్ పంపే ఏర్పాటు వర్డ్‌ప్రెస్‌లోనే ఉంది, 2019 మేలో వచ్చిన 5.2 నుంచి. తప్పు ఏ ప్లగిన్‌లో ఉందో, ఏ థీమ్‌లో ఉందో ఆ మెయిల్ చెబుతుంది. లోపలికి వెళ్లి సరిచేసుకోవడానికి ప్రత్యేకమైన లింకు కూడా ఇస్తుంది. ఆ మెయిల్ నాకు రాలేదు. ఎందుకంటే సైటు అమర్చిన రోజున నిర్వాహకుడి ఈమెయిల్ చిరునామాగా వాళ్లు తమదే పెట్టుకున్నారు. ఇక్కడ నా పొరపాటు కూడా ఒప్పుకోవాలి. లాగిన్ అయ్యేటప్పుడు అప్పుడప్పుడు ఒక పేజీ వచ్చి, నిర్వాహకుడి ఈమెయిల్ ఇదేనా అని అడుగుతుంది. నేను ప్రతిసారీ చదవకుండానే సరైనదే అని నొక్కేశాను. మీరు అలా చేయకండి.

ఫోన్ చేస్తే వచ్చిన జవాబు ఇది: "జీవితకాలం అంటే ఆ ఉత్పత్తి జీవితకాలం, మీది కాదు. ఆ థీమ్‌ను మేము నిలిపేశాం. కొత్త వర్డ్‌ప్రెస్‌కు సరిపోయేది వేరే ఉత్పత్తి, దానికి వేరే ధర." పోనీ, ఉన్న థీమ్‌ను వేరేవాళ్లతో బాగు చేయించుకుంటానంటే, తమ కోడును బయటివాళ్లకు ఇవ్వడం నేరమని, చట్టపరంగా చర్య తీసుకుంటామని బెదిరించారు. నిజం చెబుతున్నాను, భయపడ్డాను. ఆ భయంతో పది రోజులు వృథా చేసుకున్నాను. మీకు ఆ పరిస్థితి రాకూడదనే ఈ భాగం వివరంగా రాస్తున్నాను.

వర్డ్‌ప్రెస్ జీపీఎల్ అనే లైసెన్సు కింద వస్తుంది. ఎవరైనా వాడుకోవచ్చు, లోపలి కోడు చదవచ్చు, మార్చుకోవచ్చు, మార్చినదాన్ని పంచవచ్చు. వర్డ్‌ప్రెస్ పుట్టిందే ఈ స్వేచ్ఛ వల్ల. బీ2 కెఫేలాగ్ అనే సాఫ్ట్‌వేర్ పని ఆగిపోయినప్పుడు, మ్యాట్ ములెన్‌వెగ్, మైక్ లిటిల్ దాని కోడు తీసుకుని ముందుకు నడిపించారు. 2003 మే 27న వర్డ్‌ప్రెస్ తొలి వెర్షన్ వచ్చింది. కోడును బయటివాళ్లు ముట్టుకోవడం నేరమే అయితే ఈ సాఫ్ట్‌వేర్ ఉండేదే కాదు. థీమ్‌ల మాటకొస్తే, 2009లో సాఫ్ట్‌వేర్ ఫ్రీడమ్ లా సెంటర్ అనే న్యాయ సంస్థ అభిప్రాయం తీసుకుని వర్డ్‌ప్రెస్ బృందం బయటపెట్టింది: థీమ్‌లోని పీహెచ్‌పీ కోడు వర్డ్‌ప్రెస్ నుంచి పుట్టినదే కాబట్టి దానికీ జీపీఎల్ వర్తిస్తుంది, బొమ్మలకూ స్టైల్ ఫైళ్లకూ మాత్రం వేరే లైసెన్సు పెట్టుకోవచ్చు. పైగా నా థీమ్ ఫోల్డరులో ఉన్న లైసెన్సు ఫైలులోనే జీపీఎల్ అని రాసి ఉంది. బెదిరించినవాళ్లు పెట్టిన ఫైలే అది. కొన్న థీమ్ ఫోల్డరు తెరిచి ఆ ఫైలు చదవడానికి రెండు నిమిషాలు చాలు.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఉచిత సాఫ్ట్‌వేర్ చుట్టూ డబ్బు తీసుకోవడం తప్పని నేను అనడం లేదు. జీపీఎల్ అమ్మకాన్ని అనుమతిస్తుంది. మంచి థీమ్ రాసి, కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా పరీక్షించి సరిచేసేవాళ్ల శ్రమకు ఏటా డబ్బు కట్టడం న్యాయమే. నిజానికి మనం కొనేది ఆ శ్రమనే. దాన్ని ఒక్కసారి డబ్బు తీసుకుని ఎప్పటికీ ఇస్తామంటే ఎలా కుదురుతుంది? ఇప్పుడు ఏటా చందా కట్టించుకునేవాళ్లనే నేను ఎక్కువగా నమ్ముతున్నాను.

అన్నిటికంటే బాధపెట్టిన విషయం ఇంకొకటి ఉంది. సరే, థీమ్ పోతే పోయింది, వేరేది పెట్టుకుందామని మార్చి చూస్తే, నా వ్యాసాల నిండా చదరపు బ్రాకెట్లు! రెండు వరసలుగా బొమ్మలు పెట్టాలన్నా, ఒక చిట్కాను రంగు పెట్టెలో చూపించాలన్నా ఆ థీమ్‌కు సొంత షార్ట్‌కోడ్‌లు, అంటే చదరపు బ్రాకెట్లలో రాసే ఆదేశాలు, ఉండేవి. మూడేళ్లు వాటితోనే రాశాను. థీమ్ తీసేస్తే వాటి అర్థం తెలిసినవాళ్లు ఎవరూ ఉండరు, వర్డ్‌ప్రెస్ వాటిని అక్షరాలుగానే చూపిస్తుంది. ఇంతేకాదు, "మొక్కల పట్టిక" అని ప్రత్యేకంగా చేసిన 140 పేజీలు డ్యాష్‌బోర్డు నుంచి అదృశ్యమయ్యాయి. ఆ రకం పేజీని నమోదు చేసే కోడు థీమ్‌లోనే ఉంది మరి. పేజీలు డేటాబేస్‌లో భద్రంగానే ఉన్నాయని తెలిసేవరకు నా ప్రాణం నా దగ్గర లేదు. థీమ్ చేయవలసిన పని రూపం చూసుకోవడం, రాసిన విషయాన్ని పట్టి ఉంచే పనులు ప్లగిన్‌కు వదిలేయాలి. వర్డ్‌ప్రెస్ అధికారిక థీమ్‌ల సంచయంలో చేరాలంటే ఈ నియమం పాటించాలి. బయట అమ్మే థీమ్‌లకు ఆ తనిఖీ ఉండదు.

అందుకే కొనే ముందు ప్రదర్శన పేజీ అందం చూసి మురిసిపోకుండా మార్పుల చిట్టా అడగండి. గత మూడు పెద్ద వర్డ్‌ప్రెస్ విడుదలల తేదీలు చూసి, ఆ తేదీల చుట్టుపక్కల ఈ థీమ్‌కు వెర్షన్ వచ్చిందో లేదో పోల్చండి. ప్రతి పెద్ద వెర్షన్‌కూ వారాల ముందే బీటాలు (ప్రయోగాత్మక వెర్షన్లు), ఆ తర్వాత తుది పరీక్షా వెర్షన్లు బహిరంగంగా వస్తాయి. శ్రద్ధ ఉన్నవాళ్లు అప్పుడే పరీక్షించి, విడుదల నాటికి సిద్ధంగా ఉంటారు. "జీవితకాలం" అంటే ఎవరి జీవితకాలమో కొనక ముందే రాతపూర్వకంగా అడగండి. థీమ్ తీసేస్తే నా వ్యాసాలు ఎలా కనిపిస్తాయి అని కూడా అడగండి. జవాబు దాటవేస్తే కొనకండి.

ఇప్పటికే కొన్నవాళ్లు ఈ రోజే టూల్స్ మెనూలో సైట్ హెల్త్ పేజీ తెరవండి. ఆటోమేటిక్ అప్‌డేట్లను ఎవరైనా ఆపి ఉంటే అక్కడ తెలుస్తుంది, నేను ఆ పేజీని ఒక్కసారి తెరిచి ఉంటే ఇదంతా మొదట్లోనే బయటపడేది. డ్యాష్‌బోర్డులో కనిపించే వెర్షన్ అంకెను వర్డ్‌ప్రెస్ అధికారిక సైటులో ఉన్న తాజా అంకెతో పోల్చండి. సెట్టింగ్స్‌లో నిర్వాహకుడి ఈమెయిల్ మీదేనని నిర్ధారించుకోండి. బ్యాకప్ అంటే డేటాబేస్, బొమ్మలూ థీమ్ ఫైళ్లూ ఉండే డబ్ల్యూపీ కంటెంట్ ఫోల్డరు రెండూ ఉండాలి. నాకు వాళ్లు "బ్యాకప్" పేరుతో ఇచ్చినదాంట్లో థీమ్ ఫైళ్లు తప్ప నా రాతలు ఒక్కటీ లేవు.

చివరికి వేరే డెవలపర్ ఒకరు సైటు నకలు తీసి, ముందుగా ఆ నకలు మీదే పరీక్షించి, ఆ సహాయక ప్లగిన్ తీసేసి, వర్డ్‌ప్రెస్‌ను తాజా వెర్షన్‌కు తెచ్చారు. ఆ పని ఒక్క రోజులో అయిపోయింది. వ్యాసాలలో ఇరుక్కున్న షార్ట్‌కోడ్‌లు మాత్రం అలా వదలలేదు. కొన్నిటిని ఒకేసారి మార్చగలిగినా, బొమ్మల వరసలు ఉన్నవాటిని ఒక్కొక్కటిగా తెరిచి చేత్తో సరిచేయవలసి వచ్చింది. ఇంకా 38 వ్యాసాలు మిగిలి ఉన్నాయి. రోజుకు రెండు చొప్పున చేస్తున్నాను.