అయస్కాంతం అంటుకోలేదని 304 స్టీలు అనుకోకండి

ఇంటికి స్టీలు రెయిలింగు వేయించబోతున్నవాళ్లు డబ్బు కట్టే ముందు ఇది చదవండి.

విశాఖలో మా బాల్కనీ కోసం గొట్టాలు కొనడానికి వెళ్లాను. స్టెయిన్‌లెస్ స్టీలులో తుప్పును బాగా తట్టుకునే 304 రకమే కావాలని ఒకటికి రెండుసార్లు చెప్పాను. దుకాణదారు సొరుగులోంచి చిన్న అయస్కాంతం తీసి గొట్టానికి ఆనించాడు. అది జారి బల్ల మీద పడింది. "చూశారా సార్, అంటుకోలేదు. అసలైన 304" అన్నాడు. నమ్మి ఆ ధరే ఇచ్చాను. ఒక్క వర్షాకాలం గడిచేసరికి అతుకుల దగ్గర తుప్పు పొక్కింది. కింద తెల్లటి గోడ మీదికి గోధుమరంగు చారలు దిగాయి. అమ్మ చింతపండు పెట్టి తోమితే పోయాయి, పది రోజులకే మళ్లీ వచ్చాయి. పరీక్ష చేయిస్తే అది 202 అనే చవక రకమని తేలింది.

ఆ అయస్కాంతం అబద్ధం చెప్పలేదు, దాన్ని అడ్డం పెట్టుకుని దుకాణదారు చెప్పాడు. 304లో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. విడిగా నికెల్ అయస్కాంతానికి అంటుకునే లోహమే. కానీ ఇనుములో అంత మోతాదులో కలిస్తే లోపలి పరమాణువుల అమరికే మారిపోయి, ఆ ఉక్కును అయస్కాంతం లాగదు. నికెల్ ఖరీదు ఎక్కువ. అందుకే 202లో దాన్ని 4 నుంచి 6 శాతానికి తగ్గించి మాంగనీసు పెంచుతారు. దానివల్లా అదే అమరిక నిలుస్తుంది కనుక ఇదీ అంటుకోదు. తుప్పును తట్టుకోవడంలో మాత్రం 304కు సాటిరాదు.

ఇంకో పొరపాటు కూడా చేయకండి. మంచి 304నైనా వంచిన చోట అయస్కాంతం కొద్దిగా లాగవచ్చు. అంతమాత్రాన నకిలీ అని వెనక్కి ఇవ్వకండి.

మాంగనీసును పట్టే పరీక్ష ద్రావణం దొరుకుతుంది. గొట్టం మీద ఒక చుక్క వేసి 9 వోల్టుల బ్యాటరీ తగిలిస్తే, 202 అయితే చుక్క ఎర్రబడుతుంది. మీ కళ్ల ముందే చేయమనండి. బిల్లులో "304" అని రాయించుకోండి, నేను అది కూడా చేయలేదు. సముద్రానికి బాగా దగ్గరైతే 304కు కూడా మరకలు పడతాయి, అక్కడ మాలిబ్డినం కలిసిన 316 మేలు. ఏది కొన్నా గొట్టాలు కోయకముందే పరీక్ష పూర్తిచేయించండి. కోసిన ముక్కలను నా దగ్గర వెనక్కి తీసుకోలేదు.