కోల్‌కతా చలికాలం: పార్క్ స్ట్రీట్ కంటే ఈతబెల్లమే నయం

క్రిస్మస్ వారంలో కోల్‌కతాలో గది తీసుకుంటే అద్దె ఎక్కువ, సుఖం తక్కువ. న్యూ మార్కెట్ వెనక సందుల్లో ఒక లాడ్జివాళ్లు ఫోన్‌లో 1,800 అని చెప్పి, ఆటోలోంచి సామాను దించాక ‘సీజన్ సార్’ అంటూ 2,600 రాశారు. గీజర్ ఉందన్న మాట అబద్ధం కాదు, కాకపోతే దాని స్విచ్ కింద రిసెప్షన్‌లో ఉంది. పొద్దున ఆరు నుంచి ఎనిమిది దాకే వేస్తారు. ఆ తర్వాత బకెట్ వేడినీళ్లు 30 రూపాయలు. కిటికీ తీస్తే చెయ్యి చాపితే అందేంత దగ్గరలో పక్క బిల్డింగు గోడ. మా వెంట వచ్చిన పెద్దావిడ రెండో రోజుకల్లా ‘ఇంటికెళ్లాకే తలంటు’ అని తేల్చేశారు. ఆ ఏరియాలో గది మాట్లాడుకునేవాళ్లు ఇవి వాట్సాప్‌లో రాయించుకోండి: ఫలానా తేదీకి పన్నుతో కలిపి అద్దె ఎంత, గీజర్ స్విచ్ గదిలోనే ఉందా, కిటికీ బయటికి తెరుచుకుంటుందా, చెకౌట్ మధ్యాహ్నం పన్నెండుకా లేక 24 గంటల లెక్కా. నోటిమాటకి అక్కడ విలువ లేదు.

అంత పోసి చూసేదేమిటంటే, 24, 25 తేదీల సాయంత్రం పార్క్ స్ట్రీట్ రోడ్డంతా పెట్టే క్రిస్మస్ లైట్లు. వాహనాలు ఆపేస్తారు, రోడ్డంతా జనం. పేరున్న హోటళ్ల ముందు గంటల తరబడి లైను. అవే లైట్లు కొత్త సంవత్సరం దాకా ఉంటాయి, 27నో 28నో వెళ్తే తీరిగ్గా నడవచ్చు. అలీపూర్ జూకి 25న, జనవరి 1న అసలు పోవద్దు, జంతువుల కంటే టిఫిన్ డబ్బాలే ఎక్కువ కనిపిస్తాయి. న్యూ మార్కెట్‌లో 1902 నాటి నహూమ్స్ బేకరీ ప్లమ్ కేక్ కోసమైతే పండగ ముందు క్యూలో నిలబడాల్సిందే. జనవరిలో నిలబడక్కర్లేదు.

అసలు ఈ ఊరికి వెళ్లాల్సింది జనవరిలోనే. రాత్రి 12, 13 డిగ్రీలు, పగలు 25కి అటూ ఇటూ, చెమట పట్టదు. ఆ మాత్రం చలికే అక్కడివాళ్లు మంకీ క్యాపులు బిగిస్తారు. ఆదిలాబాద్ వాళ్లెవరైనా చూస్తే నవ్వుకుంటారు. మర్చిపోకూడనిది పొద్దు సంగతి. సాయంత్రం ఐదుకే సూర్యుడు దిగిపోతాడు, కాబట్టి హైదరాబాద్ లెక్కలో ‘నాలుగింటికి బయల్దేరదాం’ అంటే విక్టోరియా మెమోరియల్ తెల్లరాయి చీకట్లో చూడాలి. సోమవారం దాని మ్యూజియం మూత, ఇండియన్ మ్యూజియం కూడా మూతే. జూకి గురువారం సెలవు.

సికింద్రాబాద్ నుంచి ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ హౌరాకే వెళ్తుంది. విజయవాడ, విశాఖ మీదుగా వెళ్లే కోరమాండల్ మాత్రం ఇప్పుడు షాలిమార్ స్టేషన్‌లో ఆగిపోతుంది. అక్కడ మెట్రో లేదు, ట్యాక్సీవాడు చెప్పిందే రేటు. హౌరాలో దిగితే ఆ బాధ లేదు. 2024 మార్చిలో మొదలైన హుగ్లీ నది కింది మెట్రో 10 రూపాయలకి ఎస్‌ప్లనేడ్‌లో దింపుతుంది, న్యూ మార్కెట్ నడిచేంత దూరం. విమానమైతే తెల్లవారుజాముది తీసుకోవద్దు, పొగమంచుకి ముందు ఆలస్యమయ్యేవి అవే.

ఇక బెల్లం. నొలేన్ గుర్ అని అందరూ లొట్టలేసుకునే ఈ సరుకు మన గౌడన్నలు కల్లుకి గీసే ఈత చెట్టుదే. సాయంత్రం గీసి కుండ కడతారు, ఎండ పొడ తగలకముందే దించేస్తారు. ఆలస్యమైతే రసం పులుస్తుంది, దాంతో బెల్లం రుచి చెడుతుంది. రాత్రి ఎంత చల్లగా ఉంటే రసం అంత తేటగా, తియ్యగా దిగుతుంది. అందుకే డిసెంబరు మొదట్లో దొరికేదాని కంటే జనవరి సరుకు మేలు. చెట్టుకి రెండు మూడు రోజులు విడుపిచ్చి మళ్లీ గీసిన మొదటి రాత్రి రసం అన్నిటికన్నా శ్రేష్ఠం. ఏడెనిమిది లీటర్లు కాగబెడితే గానీ కిలో బెల్లం రాదు. కిలో 150 అని ఎవరైనా పిలిచి మరీ ఇస్తున్నారంటే అందులో సగం చక్కెరే.

అచ్చుబెల్లాన్ని పాటాలి అంటారు. కొనేముందు అంచు మీద బొటనవేలితో నొక్కండి. అసలుదైతే కాస్త లొంగుతుంది, విరిస్తే మెత్తగా విరుగుతుంది, లోపల జిగురుగా ఉంటుంది, నాలుక మీద పొయ్యి పొగ వాసన తగులుతుంది. చక్కెర కలిపింది రాయిలా ఉంటుంది, విరిచినచోట పలుకులు మెరుస్తాయి. మూత తియ్యగానే గుప్పున వాసన కొడితే అది ఎసెన్సు. మేం ముక్క రుచి చూపించి, అడక్కుండానే విరిచి చూపించినతని దగ్గర కిలో 400కి తీసుకున్నాం. బేరానికి ఒప్పుకోలేదు, అదీ ఒక గుర్తే. ద్రవంగా ఉండే ఝోలా గుర్ రుచిలో ఇంకా మేలు, కానీ రైలు ప్రయాణానికి పనికిరాదు. వెచ్చదనానికి నురగ కట్టి మూత తన్నేస్తుంది.

జయనగర్ మోవా అని ఊరంతా బోర్డులుంటాయి. కనకచూర్ అనే ధాన్యం పేలాలని ఈతబెల్లంతో పట్టిన ఉండ అది, 2015లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. రోడ్డు పక్క డబ్బాల్లో చాలామటుకు మామూలు పేలాలు, చక్కెర పాకం. అసలుది కావాలంటే సియాల్దా సౌత్ నుంచి లక్ష్మీకాంతపూర్ లోకల్ ఎక్కి జయనగర్ మజిల్‌పూర్‌లో దిగండి. టికెట్ 15 రూపాయలు, గంటన్నర ప్రయాణం. పొద్దున ఆఫీసు వేళ ఎదురుగా వచ్చే బళ్లు కిక్కిరిసి ఉంటాయి, ఊరి బయటికి వెళ్లేవి కాస్త ఖాళీ. కొన్న మోవా నాలుగైదు రోజుల్లో తినేయాలి.

శాకాహారులు భయపడక్కర్లేదు. ఈ చలి రోజుల్లోనే పచ్చిబఠాణీ కూరిన కచోరీ, దాంతో ఆలూర్ దమ్ అనే బంగాళాదుంప కూర మిఠాయి దుకాణాల్లో పొద్దున్నే వేస్తారు. మా పెద్దావిడ అలక తీర్చింది అదే. పది దాటితే అయిపోతుంది. ఆవనూనె వాసన పడనివాళ్లు ముందే అడగండి.

జనవరి 10 నుంచి 15 దాకా మాత్రం బాబూఘాట్, హౌరా వైపు గది వద్దు. సంక్రాంతికి గంగాసాగర్ వెళ్లే యాత్రికులు అక్కడే దిగుతారు. నెలాఖరుకి వెళ్తే పుస్తకాల ప్రదర్శన కూడా కలిసొస్తుంది. సాల్ట్ లేక్‌లో, కరుణామయి మెట్రో దగ్గర. ప్రవేశం ఉచితం.

ఇంటికి తెచ్చిన పాటాలిని కాగితంలో చుట్టి స్టీలు డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి. పరమాన్నంలో వేసేటప్పుడు మన బెల్లం లెక్కే: పాలు పొయ్యి దించి, కాస్త చల్లారాకే కలపాలి, మరుగుతుండగా వేస్తే విరుగుతాయి. ఏలకులు వెయ్యొద్దు, ఆ పొగ వాసన పోతుంది.