సేల్‌లో ఆ హారర్ సీక్వెల్ కొందామనుకునే వాళ్లు ముందు ఇది చదవండి

ఆ సీక్వెల్ ఇంకా కొనని వాళ్లు దయచేసి ఆగండి. కార్ట్‌లో పెట్టుకుని ధర ఇంకా తగ్గుతుందేమోనని చూస్తున్న వాళ్లూ ఆగండి. ఏ గేమో, ఏ స్టోరో పేరు పెట్టి చెప్పక్కర్లేదు, హారర్ గేమ్స్ ఆడేవాళ్లు ఈమధ్య మాట్లాడుకుంటున్నదంతా దాని గురించే. పూర్తి ధర పెట్టి కొన్న గేమ్, సగం దాకా హాయిగా ఆడిన గేమ్, ఒక్క అప్‌డేట్‌తో పాడుచేసి పెట్టారు. ఇదేంటని అడిగితే సరైన సమాధానం లేదు. డబ్బు వెనక్కి ఇవ్వమంటే కుదరదన్నారు. కడుపు మండిపోతోంది. ఈ సేల్ అయ్యేలోపు ఇంకెంతమంది కొంటారోనన్న టెన్షన్‌తో ఉన్నపళంగా కూర్చుని రాస్తున్నాను.

జరిగింది టూకీగా చెప్తాను. మొదటి భాగం కొన్నేళ్ల కిందట ఇదే స్టోర్‌లో కొన్నాను. దానికి ఏ తాళమూ, అంటే కాపీ చేయకుండా అడ్డుకునే ప్రొటెక్షన్, లేదు. ఫోల్డర్ కాపీ చేసి వేరే డ్రైవ్‌లో పెట్టుకున్నా నడుస్తుంది, నెట్ లేకపోయినా నడుస్తుంది, స్టోర్ యాప్ తెరవకపోయినా నడుస్తుంది. ఆ నమ్మకంతోనే రెండో భాగం రాగానే కొన్నాను. కొనే ముందు స్టోర్ పేజీ అడుగుదాకా చదివాను. బయటి కంపెనీ కాపీ ప్రొటెక్షన్ ఉందని ఎక్కడా లేదు. మొదట్లో నిజంగానే లేదు కూడా. కొన్నవాళ్లంతా ఆడి, మంచి రివ్యూలు రాసి, రీఫండ్ గడువు దాటిపోయాక అప్‌డేట్ వదిలారు. నోట్స్‌లో రాసింది ఒకే ఒక్క ముక్క: 'చిన్న చిన్న లోపాలు సరిచేశాం, పనితీరు మెరుగుపరిచాం.' లోపల మాత్రం కొత్త తాళం బిగించారు.

ఆ గేమ్‌లో ఆస్పత్రి వార్డు ఉంది కదా, ఆడినవాళ్లకు వెంటనే గుర్తొస్తుంది. పొడవాటి కారిడార్, చివర ఒకే తలుపు, చేతిలో టార్చ్ తప్ప వెలుతురు లేదు. మనల్ని వెంటాడే ప్రాణి గోడ అవతల ఎక్కడో తిరుగుతుంటుంది. అడుగుల చప్పుడు ఎడమ చెవిలో వినిపిస్తుంది, కాసేపటికి కుడి చెవిలోకి మారుతుంది, ఉన్నట్టుండి ఆగిపోతుంది. అప్‌డేట్‌కు ముందు ఆ కారిడార్ దాటేసరికి నా అరచేతులు చెమటతో తడిసిపోయాయి. అప్‌డేట్ తర్వాత అదే సేవ్ తెరిచి అదే దారిలో నడిచాను. అది కనిపించబోయే ముందు ప్రతిసారీ తెర ఒక్క క్షణం బిగుసుకుపోతోంది. మౌస్ తిప్పినా చూపు కదలదు. శబ్దం తెగి మళ్లీ అందుకుంటుంది. ఆ వెంటనే అది ఎదురుగా ఉంటుంది. అలా ఒకటి రెండుసార్లు జరిగాక ఇంక భయం ఎక్కడిది? తెర ఆగిందంటే అది వచ్చేస్తోందని ముందే తెలిసిపోతోంది. ఆ ప్రాణికి గొంతు ఇచ్చినవాళ్లు, ఆ అడుగుల చప్పుడు రికార్డు చేసినవాళ్లు, ఆ కారిడార్‌లో వెలుతురు ఎక్కడ పడాలో కొలిచి పెట్టినవాళ్లు, అంతమంది పడ్డ కష్టాన్ని ఆ తాళం బూడిదలో పోసింది.

సగటు ఎఫ్‌పీఎస్, అంటే తెర మీద సెకనుకు మారే బొమ్మల (ఫ్రేముల) లెక్క, చూస్తే ఈ లోపం కనబడదు, అందుకే చాలామంది 'నాకు బాగానే నడుస్తోందే' అంటున్నారు. సెకనుకు 60 ఫ్రేములంటే ఒక్కో ఫ్రేముకు దొరికేది సుమారు 16.7 మిల్లీసెకన్లు. ఏదో ఒక్క ఫ్రేముకు దానికి పది రెట్లు పట్టినా సగటు పెద్దగా కదలదు, మన కంటికి మాత్రం అది రాయిలా తగులుతుంది. ఒక్కో ఫ్రేముకు పట్టిన సమయం చూపే ఫ్రేమ్ టైమ్ గ్రాఫ్ పెట్టుకుని చూడండి, గీత ఎక్కడ నిటారుగా లేస్తోందో తెలుస్తుంది. ఇలాంటి ప్రొటెక్షన్లు గేమ్ కోడ్ మధ్యలో తనిఖీలు దూర్చి పెడతాయి. ఎప్పుడో ఒకసారి నడిచే చోట పెడితే మనకు తెలియదు. దెబ్బ తగిలినప్పుడు, శత్రువు ఎదురొచ్చినప్పుడు పదే పదే నడిచే చోట పెడితే సరిగ్గా ఆ క్షణాల్లోనే ప్రాసెసర్ ఊపిరాడక ఆగుతుంది. రేసింగ్ గేమ్‌లో అయితే చిరాకు పడి వదిలేస్తాం. హారర్‌లో ఆ క్షణం కోసమే గేమ్ కొంటాం.

ఇదంతా నా అనుమానం అనుకోకండి. రెసిడెంట్ ఈవిల్ విలేజ్ అనే హారర్ గేమ్ 2021 మేలో వచ్చినప్పుడు పీసీలో అచ్చం ఇదే జరిగింది. దాంట్లో డెనువో అనే బయటి కంపెనీ తాళం, దాని మీద గేమ్ తయారుచేసిన క్యాప్‌కామ్ సొంత ప్రొటెక్షన్ రెండూ ఉండేవి. శత్రువుల్ని కాల్చినప్పుడు, కథలోని కోటలో ఉండే శత్రువులైన అక్కచెల్లెళ్లు పురుగుల గుంపుగా మీద పడ్డప్పుడు గేమ్ తడబడేది. జులైలో క్రాక్, అంటే తాళం విరగ్గొట్టిన దొంగ కాపీ, బయటికొచ్చింది. ఆ తాళాలు తీసేసిన కాపీ కొన్నవాళ్ల కాపీ కంటే సాఫీగా నడుస్తోందని గేమ్స్ పనితీరు పరీక్షించే డిజిటల్ ఫౌండ్రీ వాళ్లు పక్కపక్కన పెట్టి చూపించారు. అప్పుడుగానీ క్యాప్‌కామ్ ప్యాచ్ ఇవ్వలేదు, పైరసీ నిరోధక టెక్నాలజీని సర్దుబాటు చేశామని ఆ ప్యాచ్ నోట్స్‌లోనే రాసుకుంది. దొంగ దర్జాగా పోతుంటే ఇంటివాడి కాళ్లకు సంకెళ్లు వేసినట్టుంది ఈ వ్యవహారం. పోనీ ఆ తాళం దొంగల్నైనా ఆపుతుందా అంటే, 2017 జనవరిలో వచ్చిన రెసిడెంట్ ఈవిల్ 7కు డెనువో ఉన్నా వారం తిరక్కముందే క్రాక్ వచ్చేసింది.

మళ్లీ నా గేమ్ సంగతికి వస్తాను. రెండు భాగాల్నీ పోలిస్తే సీక్వెల్ చాలా చోట్ల మెరుగే, ఆ మాట ఒప్పుకుని తీరాలి. మొదటి భాగంలో దాక్కోవడానికి బీరువాలు, మంచాల కింద ఖాళీ తప్ప ఏమీ లేవు, శత్రువు కూడా ఒకే దారిలో తిరిగేది, కొంతసేపటికి ఆ దారి పట్టుబడేది. రెండో భాగంలో అది మనం దాక్కున్న చోట్లు గుర్తుపెట్టుకుంటుంది. ఒకే బీరువాలో మళ్లీ మళ్లీ దూరితే వచ్చి తలుపు తెరుస్తుంది. కథ కూడా బరువైనది. మొదటి భాగం చివర వదిలేసిన తల్లి పాత్రను ఎంత బాగా తీసుకొచ్చారో! అందుకే ఇంత బాధ. చెత్త గేమ్ అయితే అన్‌ఇన్‌స్టాల్ చేసి ఊరుకునేవాణ్ణి. ఇప్పుడు నా కంప్యూటర్‌లో ఉన్నదేమిటంటే, పాత బొమ్మలతో, తక్కువ తెలివితో, ఏ అడ్డూ లేకుండా నడిచి ఇప్పటికీ భయపెడుతున్న మొదటి భాగం ఒకటి, అన్ని విధాలా గొప్పదై ఉండి ఆడలేని రెండో భాగం ఒకటి.

తడబాటు ఒక్కటే కాదు. సబ్‌టైటిల్ అక్షరాలు పెద్దవి చేసే మాడ్, అంటే ఆటగాళ్లే తయారుచేసిన చిన్న మార్పు, పెట్టుకున్నాను, అది చచ్చిపోయింది. గ్రాఫిక్స్ కార్డు మార్చాక కొత్త కంప్యూటర్ కింద లెక్కగట్టి మళ్లీ యాక్టివేట్ చేయమంది. నెట్ పోయినప్పుడు తెరిస్తే, ఒక్కడినే కూర్చుని ఆడుకునే గేమ్, ఆన్‌లైన్‌తో ఏ సంబంధమూ లేని గేమ్, మెనూ దాకా కూడా రాలేదు.

అసలు నన్ను కుదిపేసింది సపోర్ట్ చాట్. స్నేహితుడికి చూపించడానికని ఆ ఆస్పత్రి వార్డు ఆడినప్పుడు రికార్డు చేసి ఉంచాను. అప్‌డేట్ తర్వాత అదే చోట మళ్లీ రికార్డు చేసి, రెండు వీడియోలూ, ఫ్రేమ్ టైమ్ గ్రాఫూ, డ్రైవర్ వెర్షన్ వివరాలూ అన్నీ జోడించి మర్యాదగా రాశాను. 'అప్‌డేట్‌కు ముందున్న వెర్షన్ అయినా ఇవ్వండి, లేదా డబ్బు వెనక్కి ఇవ్వండి' అన్నాను. వీడియో సగం చూడటానికి పట్టేంత సమయం కూడా కాకముందే జవాబొచ్చింది. 'మీ గ్రాఫిక్స్ డ్రైవర్లు అప్‌డేట్ చేసుకోండి.' డ్రైవర్ వెర్షన్ పైనే రాశాను కదండీ, అదే తాజాది అన్నాను. 'మీరు ఆడిన సమయం రీఫండ్ పరిమితి దాటింది.' పరిమితి దాటాకే కదా మీరు గేమ్ మార్చారు, కొన్నప్పుడు ఇది లేదు కదా అన్నాను. దానికి వచ్చిన జవాబు చదివి నోట మాట రాలేదు. 'మీరు కొన్నది గేమ్ కాదు, దాన్ని ఉపయోగించుకునే లైసెన్స్ మాత్రమే. అందులో మార్పులు చేసే హక్కు ప్రచురణకర్తకు ఉంటుంది.' అంతే. నేను ఇంకో వాక్యం టైప్ చేస్తుండగానే చాట్ మూసేశారు. టికెట్ మీద 'సమస్య పరిష్కారమైంది' అని పడింది. ఆ కిందే, మా సేవకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారు అంటూ ఐదు నక్షత్రాలు!

లైసెన్స్ అన్న మాట నిబంధనల్లో ఉంటుందని నాకూ తెలుసు. స్టీమ్ అనే గేమ్ స్టోర్ 2024 అక్టోబర్ నుంచి కార్ట్‌లోనే ఆ మాట కనబడేలా పెట్టింది, డిజిటల్ వస్తువుల్ని 'కొనండి' అని చెప్పి అమ్మేటప్పుడు అది లైసెన్సేనని స్పష్టంగా చెప్పాలని కాలిఫోర్నియా చట్టం కూడా 2025లో అమల్లోకి వచ్చింది. కానీ ఆ మాట కొనే ముందు చెప్పడం వేరు, డబ్బు తీసుకుని, గేమ్ పాడుచేసి, ఫిర్యాదు చేసినవాడి మొహాన కొట్టడం వేరు. నేను అడిగింది కాపీ చేసుకునే హక్కు కాదు. కొన్న రోజు ఎలా నడిచిందో అలా నడవాలని అడిగాను.

వెనక్కి తీసుకోవడం కంపెనీలకు చేతకాని పనేమీ కాదు. 2024 జనవరిలో రెసిడెంట్ ఈవిల్ రెవెలేషన్స్‌కు, పీసీలోకి వచ్చి పదేళ్లు దాటిన గేమ్‌కు, ఒక అప్‌డేట్‌లో ఎనిగ్మా ప్రొటెక్టర్ అనే తాళం తగిలించారు. ఫ్రేములు పడిపోతున్నాయి, మాడ్లు పనిచేయట్లేదు అని కొన్నవాళ్లు గట్టిగా గొడవ చేస్తే ఆ అప్‌డేట్ వెనక్కి తీసుకున్నారు. 2022 జూన్‌లో రెసిడెంట్ ఈవిల్ 2, 3, 7 గేమ్స్‌కు వెలుతురును నిజంలా చూపే రే ట్రేసింగ్ అప్‌డేట్ ఇచ్చి, కావాల్సిన సిస్టమ్ స్థాయినే పెంచేసినప్పుడూ అంతే, జనం అడిగాక పాత వెర్షన్‌ను ఎంచుకునే వీలు కల్పించారు. బయోషాక్ అనే గేమ్‌కు 2007లో పెట్టిన యాక్టివేషన్ పరిమితి (ఎన్నిసార్లు ఇన్‌స్టాల్ చేసుకోవచ్చన్న లెక్క) కూడా గొడవయ్యాక ముందు పెంచారు, 2008లో పూర్తిగా ఎత్తేశారు. నా గేమ్ కంపెనీ వాళ్లు మాత్రం ఆ తాళం అప్‌డేట్‌లో కొత్తగా వేశామని ఇప్పటికీ ఒప్పుకోవడం లేదు. అదే నాకు ఎక్కువ కష్టంగా ఉంది.

సీక్వెల్ పెద్ద బడ్జెట్‌ది కాబట్టి తాళం తప్పదు అనే వాళ్లకు ఒక్క మాట. ఆమ్నీషియా అనే హారర్ సిరీస్‌లో 2010లో వచ్చిన మొదటి భాగం, 2020లో వచ్చిన రీబర్త్, 2023లో వచ్చిన బంకర్ కూడా జీఓజీ అనే స్టోర్‌లో ఏ తాళమూ లేకుండా దొరుకుతాయి. ఔట్‌లాస్ట్ అనే ఇంకో హారర్ గేమ్ రెండు భాగాలూ దొరుకుతాయి. చివరికి క్యాప్‌కామ్ కూడా మొట్టమొదటి మూడు రెసిడెంట్ ఈవిల్ గేమ్స్‌ను 2024లో జీఓజీకి ఇచ్చింది. ఇన్‌స్టాలర్ ఫైలు దించుకుని మన డ్రైవ్‌లో దాచుకోవచ్చు. ఆ స్టోర్ రేపు ఉన్నా లేకపోయినా గేమ్ ఉంటుంది.

కొనాలనుకునే వాళ్లకు చెప్పగలిగింది కొంచెమే. స్టీమ్‌లో అయితే గేమ్ పేజీ కుడివైపున బయటి ప్రొటెక్షన్ పేరూ, యాక్టివేషన్ పరిమితీ ఉందేమో చూడండి. డెనువో ఉన్న చాలా గేమ్స్‌కు రోజుకు 5 కంప్యూటర్లే అని అక్కడే రాసి ఉంటుంది. పాత రివ్యూలను బట్టి కొనకండి, చివరి అప్‌డేట్ తేదీ చూసి దాని తర్వాత వచ్చిన రివ్యూలే చదవండి. కొన్న రోజే స్టోర్ పేజీ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, నా దగ్గర అది లేకపోవడంతో పేజీలో ముందు ఏముందో వాళ్లకు రుజువు చూపలేకపోయాను. ఇప్పుడా పేజీలో ప్రొటెక్షన్ సంగతి చేర్చేశారు. స్టీమ్ రీఫండ్‌కు కొన్న 14 రోజుల్లోపు, 2 గంటల్లోపు ఆడి ఉండాలి, జీఓజీ 30 రోజులు ఇస్తుంది. ఆ గడువులోనే భారీ సీన్లు ఉన్న చోటిదాకా ఆడి చూసుకోండి.

ఇప్పటికే కొని, ఈ అప్‌డేట్ ఇంకా దించుకోని వాళ్లు ఎవరైనా ఉంటే వెంటనే ఆటోమేటిక్ అప్‌డేట్ ఆపేయండి, ఆఫ్‌లైన్ మోడ్‌లో పెట్టి గేమ్ పూర్తి చేసేయండి. దించుకున్న వాళ్లు మాత్రం తలా ఒక టికెట్ పెట్టండి, 'అప్‌డేట్‌కు ముందున్న వెర్షన్ కావాలి' అని అందరూ ఒకే మాట అడగండి. నేను రెండో టికెట్ పెట్టాను. ఈసారి వీడియోలు చూసి జవాబిస్తే, ఏం చెప్పారో ఇక్కడే రాస్తాను.