మేడ మీద కాంటెస్ట్ యాంటెన్నా: డైపోలా, వర్టికలా?

బెంగళూరు అపార్ట్‌మెంట్ టెర్రస్ నుంచి సీక్యూ వరల్డ్‌వైడ్ (హ్యామ్ రేడియో వాళ్ల ప్రపంచ పోటీ) ఆడాలంటే, 20 మీటర్ల బ్యాండుకు (14 మెగాహెర్ట్జ్ తరంగాలకు) చౌక దారులు రెండు: అడ్డంగా కట్టే డైపోల్, నిలువుగా నిలబెట్టే వర్టికల్.

డైపోల్‌కి చెరో 5.05 మీటర్ల తీగలు రెండు. కాస్త పొడుగ్గానే కోసుకుని, ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెన్నా నుంచి పవర్ ఎంత వెనక్కి తిరిగొస్తోందో చెప్పే కొలత) చూస్తూ కత్తిరించాలి. ఈశాన్యం నుంచి నైరుతికి కడితే యూరప్ ఎదురుగా పడుతుంది. ఈ పోటీలో వేరే ఖండం స్టేషన్ దొరికితే 3 పాయింట్లు, సొంత దేశానిదైతే సున్నా మరి!

వర్టికల్‌కి 5 మీటర్ల ఫైబర్ కర్ర ఒక్కటి, దాని వెంట తీగ చాలు, అసోసియేషన్ వాళ్ల కంట్లోనూ అంతగా పడదు. కానీ కనీసం నాలుగు రేడియల్స్ (కర్ర మొదట్నుంచి చుట్టూ పరిచే తీగలు) లేకపోతే పవర్‌లో చాలా భాగం కాంక్రీటు పాలే. పైగా లిఫ్టు మోటారు, ఎల్‌ఈడీ డ్రైవర్ల గోలంతా మోసుకొస్తుంది. చోటుంటే డైపోలే కట్టండి.

ఏదైనా సరే, ఫీడ్ పాయింట్ (యాంటెన్నాకి కేబుల్ కలిసే చోటు) దగ్గర ఫెరైట్ (అయస్కాంత పదార్థం) రింగుకి కోయాక్స్ కేబుల్ 10 చుట్లు చుట్టి, అతుకుకి రబ్బరు టేపు వేయండి. అక్టోబరు వానకి కేబుల్లో నీళ్లు దిగితే ఎస్‌డబ్ల్యూఆర్ గాడి తప్పుతుంది.