గుంటూరు శివారు కాలనీల చిన్న పార్కులు: కొన్నేళ్ల వాడకం తర్వాత

మా పాప నడక నేర్చిన నాటి నుంచి ఇప్పుడు మూడో తరగతికి వచ్చేవరకు, గుంటూరులో అమరావతి రోడ్డు, గోరంట్ల, ఇన్నర్ రింగ్ రోడ్డు వైపు కాలనీల పార్కులలోనే మా సాయంత్రాలు గడిచాయి. లేఅవుట్ వేసేటప్పుడు 10 శాతం స్థలాన్ని ఖాళీగా వదలాలన్న నిబంధన వల్ల మిగిలిన జాగాలివి. వీటి మంచిచెడ్డలను నిర్ణయించేది ఆటసామగ్రి కాదు, నీడ, నేల అన్నది నా అభిప్రాయం.

ముందుగా నీడ సంగతి. ఏప్రిల్ వచ్చిందంటే ఎండలో ఉన్న ఇనుప జారుడుబండ సాయంత్రం ఐదు దాటినా చర్మం చురుక్కుమనేంత వేడిగా ఉంటుంది. అదే జారుడుబండకు పడమటి వైపు ఒక పెద్ద చెట్టు ఉంటే పిల్లలు గంట ముందే ఆటకు దిగగలరు. తూర్పున ఎన్ని చెట్లున్నా సాయంత్రం పూట ఆ మేలు జరగదు. ఈ పనికి కానుగను మించిన చెట్టు నాకు కనిపించలేదు. ఎండలు ముదరకముందే పాత ఆకు రాల్చి, లేతాకు తొడిగి, మే నెల నాటికి గొడుగు పట్టినట్టు నిలుస్తుంది. అందం కోసం వరుసగా నాటి, శంకువు ఆకారంలో కత్తిరించే కోనోకార్పస్ మొక్కల కింద ఒక్క బిడ్డ నిలబడేంత నీడ కూడా ఉండదు.

ఇక నేల. మనది నల్లరేగడి. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలు వారి కుంచించుకుపోతుంది. అందువల్ల పునాది లోతుగా వేయని ఉయ్యాల స్తంభాలు కొన్ని వర్షాకాలాలు గడిచేసరికి ఒక పక్కకు ఒరుగుతాయి. కాబట్టి పిల్లను ఎక్కించే ముందు స్తంభాన్ని చేత్తో ఊపి చూడటం అవసరం. బురద బాధ తప్పించాలని కొన్నిచోట్ల ఉయ్యాలల కింద కూడా సిమెంటు పలకలు పరిచారు. నడకదారికి అవి సరిపోతాయి గాని, ఉయ్యాల నుంచి పడిన బిడ్డకు ప్రమాదకరం. నేను చూసినవాటిలో ఉత్తమమైన పార్కు గోరంట్ల వైపు ఉన్న ఒక చిన్న మూల స్థలం. అక్కడ రెండు ఉయ్యాలలు, ఒక జారుడుబండ మాత్రమే ఉన్నా, వాటి కింద అడుగు మందాన ఇసుక పోశారు. కాళ్ల తాకిడికి పక్కకు జరిగిన ఇసుకను కాలనీ పెద్దలు అప్పుడప్పుడు పారతో మళ్లీ మధ్యకు లాగిస్తారు.

పెద్దల వ్యాయామ పరికరాలు చాలా పార్కులలో ఉన్నాయి, ఫరవాలేదు.

వానాకాలం తర్వాత మాత్రం జాగ్రత్త అవసరం. పల్లేరు కాయలు పలచని చెప్పుల్లోంచి దిగుతాయి. వయ్యారిభామ తగిలితే కొందరు పిల్లలకు ఒళ్లంతా దద్దుర్లు వస్తాయి. ఆ మొక్క పూత పట్టకముందే, చేతులకు తొడుగులు వేసుకుని వేళ్లతో సహా పీకించిన కాలనీలలో మరుసటి ఏడాది దాని బెడద బాగా తగ్గింది.