జైలు తనిఖీ నివేదికల కోసం కర్ణాటక ఆన్‌లైన్ సమాచార హక్కు సేవ: ఒక సమీక్ష

బెంగళూరుకు కూలి పనులకు వచ్చి కేసుల్లో చిక్కుకున్న రాయలసీమ కుటుంబాలకు న్యాయ సహాయం అందించే పనిలో జైలు తనిఖీ నివేదికలు నాకు తరచూ అవసరమవుతాయి. లోపల వైద్యం అందుతోందా, బ్యారక్‌లో ఎందరిని ఉంచుతున్నారు అన్న సంగతులు ములాఖత్‌లో పూర్తిగా తెలియవు. ఈ ఒక్క అవసరానికి రాష్ట్ర ప్రభుత్వ ఆన్‌లైన్ సేవ ఎంతవరకు పనికివస్తుందో రాస్తున్నాను.

దరఖాస్తు పెట్టడం సులభమే. పది రూపాయల రుసుము ఇంటి నుంచే చెల్లించవచ్చు. పోస్టల్ ఆర్డరు కోసం తిరగనక్కరలేదు. కర్ణాటక నియమాల ప్రకారం దరఖాస్తు ఒకే అంశానికి పరిమితమై 150 పదాల్లోపు ఉండాలి కనుక, ఏ కారాగారం, ఏ కాలంలో జరిగిన తనిఖీ, ఎవరు జరిపారు అన్నవి మాత్రమే రాయడం మేలు.

బాధంతా సమాధానం దగ్గరే. చట్టం 30 రోజుల గడువు విధించినా, ఒక కార్యాలయం ఆ గడువు దాటిన తరువాత, నివేదిక ఇంకా పరిశీలనలో ఉందని మాత్రమే నాకు తెలిపింది. పై అధికారికి మొదటి అప్పీలు వేశాక నివేదిక ప్రతి చేతికొచ్చింది గానీ, ఎవరి వైద్యం గురించి అడిగామో ఆ విచారణ ఖైదీ అప్పటికే బెయిలుపై బయటికి వచ్చేశాడు. ఖైదీ లోపల ఉండగా అందని తనిఖీ నివేదిక అతనికి ఏ విధంగానూ రక్షణ కాదు.

ఈ జాప్యం ఒక్క కార్యాలయానిది కాదు. పరప్పన అగ్రహార కేంద్ర కారాగారంలో కొందరికి ప్రత్యేక సౌకర్యాలు అందుతున్నాయని అప్పటి జైళ్ల శాఖ డీఐజీ డి. రూప 2017 జూలైలో నివేదించగా, ప్రభుత్వం విశ్రాంత ఐఏఎస్ అధికారి వినయ్ కుమార్ చేత విచారణ జరిపించింది. ఆయన నిర్ధారించిన విషయాలు 2019 జనవరిలో, అదీ సమాచార హక్కు ద్వారానే, ప్రజలకు తెలిశాయి. జాతీయ నేర గణాంకాల సంస్థ కూడా 2022 నాటి జైళ్ల లెక్కలను 2023 డిసెంబరులో గానీ విడుదల చేయలేదు. దేశంలోని 5,73,220 మంది ఖైదీల్లో 4,34,302 మంది విచారణ ఖైదీలేనని, జైళ్లు సామర్థ్యానికి 131.4 శాతం నిండాయని మనకు అప్పుడే తెలిసింది.

జిల్లా న్యాయ సేవాధికార సంస్థలూ, జైళ్లను సందర్శించి పరిశీలించే సందర్శకుల మండళ్లూ కలిసి క్రమం తప్పక జైళ్లను తనిఖీ చేయాలని, జైళ్లలో కుల వివక్ష కేసులో 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ ఉమ్మడి నివేదికలు రాష్ట్ర న్యాయ సేవాధికార సంస్థకు, అక్కడి నుంచి జాతీయ న్యాయ సేవాధికార సంస్థకు, చివరికి కోర్టుకు చేరాలి. పంపే రోజునే వాటిని వెబ్‌సైట్‌లో ఉంచితే, ఖైదీల పేర్లు తొలగించడం తప్ప అదనపు శ్రమేమీ ఉండదు. సమాచార హక్కు చట్టంలోని 4వ సెక్షన్ కోరే స్వచ్ఛంద వెల్లడికీ, అంటే ఎవరూ అడగకుండానే సమాచారం బయటపెట్టడానికీ, అది సరిపోతుంది.

దరఖాస్తు సౌకర్యానికి అయిదుకు నాలుగు, సమాధానానికి రెండు మార్కులు ఇస్తాను. అయినా ఈ సేవను వాడమనే చెబుతాను. ఖైదీ ప్రాణానికి ముప్పు ఉంటే, 48 గంటల్లో సమాచారం ఇవ్వాలన్న నిబంధనను దరఖాస్తులో మొదటి వాక్యంలోనే పేర్కొనండి. గడువు దాటితే ప్రతులకు డబ్బు కట్టవద్దు. 7(6) సెక్షన్ ప్రకారం అవి ఉచితంగా ఇవ్వాలి.