గోకర్ణలో ఐదు బీచ్‌లు, కాలినడకన

గోకర్ణ వెళ్లినవాళ్లు చాలామంది మహాబలేశ్వరుడి దర్శనం చేసుకుని, ఆటోలో ఓం బీచ్‌కు వెళ్లి, ఫొటోలు దిగి తిరుగు రైలెక్కేస్తారు. మధ్యలో కొండదారీ, ఓం దాటాక వచ్చే రాళ్ల తీరమూ చూడకపోతే ఆ ఊరు సగమే చూసినట్టు. జనవరిలో మేం నలుగురు స్నేహితులం గోకర్ణ బీచ్ నుంచి కుడ్లే, ఓం, హాఫ్ మూన్ మీదుగా పారడైజ్ బీచ్ దాకా నడిచాం.

మొదటి రాత్రి గుడి దగ్గర లాడ్జిలో దిగాం. మగవాళ్లు చొక్కా తీసి పంచెతో వెళ్లాలి కాబట్టి, గది పక్కనే ఉంటే దర్శనానికి సుఖం. రెండో రాత్రికి కుడ్లేలో ఇసుకను ఆనుకుని ఉన్న ఒక కాటేజీకి మారాం. వేడినీళ్లు ఉంటాయని ఫోన్‌లో చెప్పారు. తీరా వెళ్తే పొద్దున మనిషికో బకెట్ ఇచ్చారు. దోమతెర నిండా చిరుగులే. అయినా మళ్లీ వెళ్తే కుడ్లేలోనే ఉంటాను. ఓం బీచ్ దగ్గరికి బండ్లు వస్తాయి కనుక పగలంతా జనం. కుడ్లేకు మెట్లు దిగి రావాలి, రాత్రయ్యాక అలల చప్పుడు తప్ప ఇంకేదీ వినపడలేదు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లతో వచ్చేవాళ్లు మాత్రం ఊళ్లోనే ఉండడం మంచిది.

నడక గోకర్ణ బీచ్ దక్షిణం చివర, రామ మందిరం పక్కనుంచి మొదలవుతుంది. పైకెక్కితే అంతా లేటరైట్ రాయి, ఎర్రగా, తేనెపట్టులా చిల్లులు పడి ఉంటుంది. దాని అంచులు కత్తిలా ఉంటాయి. హవాయి చెప్పులతో బయల్దేరిన మావాడి కాలు కుడ్లే చేరేలోపే కోసుకుంది. గట్టి బూట్లు తప్పనిసరి. కుడ్లే నుంచి ఇంకో కొండ దాటితే ఓం. రెండు వంపులూ, మధ్యలో నీళ్లలోకి చొచ్చుకెళ్లిన రాళ్లూ పైనుంచి చూస్తేనే ఆ పేరెందుకు వచ్చిందో తెలుస్తుంది.

ఈ నడకలో నాకు బాగా నచ్చింది ఓం నుంచి హాఫ్ మూన్ దాకా. పొదల మధ్య సన్నటి దారి, ఒకచోట ఏకంగా కొండ అంచుకే వచ్చేస్తుంది. ఎడమచేతి పక్క కొండ, కుడిచేతి పక్క చాలా కింద సముద్రం. మా స్నేహితురాలికి ఎత్తంటే భయం, అక్కడ కదల్లేక కూర్చుండిపోయింది. ఎవరం తొందరపెట్టలేదు. పది నిమిషాలాగి, ముందొకరం వెనకొకరం ఉండి, ఆమె కళ్లు అడుగుల మీదే ఉండేలా మాట్లాడుతూ దాటించాం. గుంపులో నెమ్మదిగా నడిచే మనిషి ఎంత వేగం వెళ్తే అందరిదీ అంతే వేగం అనుకుంటేనే ఇలాంటి తీరానికి రావాలి.

హాఫ్ మూన్ చిన్న బీచ్. అక్కడి నుంచి పారడైజ్‌కు వెళ్లడంలోనే మేం తప్పు చేశాం. పోటు పాటు వేళలు చూసుకోలేదు. రాళ్ల మీదుగా సగం దూరం వెళ్లేసరికి సముద్రం పోటు మీద ఉంది, కాలు పెట్టాల్సిన రాళ్ల మీదే అలలు విరుగుతున్నాయి. నాకు నిజంగా టెన్షన్ వచ్చింది. వెనక్కి తిరిగి, పైన పొదల్లోంచి దారి వెతుక్కుని వెళ్లేసరికి గంటన్నర అదనంగా పట్టింది. సముద్రం సుమారు ఆరు గంటలు పెరిగి, ఆరు గంటలు తగ్గుతుంది. ఆ రోజు వేళలు ముందే చూసుకుని, నీళ్లు తగ్గే సమయానికి ఈ రాళ్ల దగ్గర ఉండేలా బయల్దేరితే ఈ బాధ ఉండదు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానల్లో అసలు వద్దు, అప్పుడు రాళ్లు జారుతాయి, సముద్రమూ ఉధృతంగా ఉంటుంది.

తిరిగి ఓంకు పడవలో వచ్చాం. మొదటి పడవలో మనుషుల కంటే లైఫ్ జాకెట్లు తక్కువ. అడిగితే దగ్గరే కదా అన్నాడు. మేం ఎక్కలేదు. అరగంట ఆగితే ఇంకో పడవ వచ్చింది, అందులో అందరికీ జాకెట్లు ఇచ్చి, కట్టుకున్నాకే ఇంజను వేశారు. ఆ అరగంటకు విలువ ఉందని ఇప్పటికీ అంటాను. ఓంలో దిగేసరికి సూర్యుడు నీళ్లను తాకుతున్నాడు. టార్చ్‌లు తీసి, కుడ్లే వైపు కొండెక్కాం.